కాగితం అడిగే దేశం – 6 : రంగం వెళ్ళిన తాత, కువైట్ వెళ్ళిన అమ్మ, నా పాస్‌పోర్టు



ఈ వరుసలో ఇంతవరకు రేషన్ కార్డు గురించి, కుల సర్టిఫికెట్టు గురించి, ఇంటి పట్టా గురించి రాశాను. ఈసారి పాస్‌పోర్టు. ఇది కొంచెం పొడుగు. తీరికగా చదవండి.

మొన్న శనివారం స్పీడ్ పోస్టులో నా పాస్‌పోర్టు వచ్చింది. ముదురు నీలం అట్ట, 36 పేజీలు, ఫీజు 1,500 రూపాయలు. మా పేటలో పుట్టిన ఆడపిల్లల్లో చదువు పేరు మీద పాస్‌పోర్టు తీసుకున్నది నేనే మొదటిదాన్ని. పని పేరు మీద తీసుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. మా అమ్మ వాళ్ళలో ఒకతె.

అమ్మ చేతులు చీర చెంగుకి తుడుచుకుని పుస్తకం అందుకుంది. నా ఫొటో ఉన్న పేజీ చూడలేదు. తిన్నగా చివరి పేజీకి తిప్పింది. తల్లి పేరు, తండ్రి పేరు, చిరునామా ఉండే పేజీ ఎక్కడుంటుందో ఆవిడకి బాగా తెలుసు. ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి, "నా పేరేం రాయించావే?" అని అడిగింది.

జవాబు చివర్లో చెబుతాను. ముందు ఆ ప్రశ్న వెనక ఉన్న నూట యాభై ఏళ్ళ సంగతి చెప్పాలి.

*

నేను మొదటిసారి పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టింది 2013లో. అప్పుడు విశాఖపట్నంలో పరిశోధన చేస్తున్నాను. హాస్టల్ మేడ మీద నిలబడితే రేవులోకి పిలుపు కోసం సముద్రంలో ఆగి ఉన్న ఓడలు వరసగా కనిపించేవి. విదేశంలో జరిగే ఒక సాహిత్య సదస్సుకి దళిత కథ మీద నేను రాసిన పేపర్ తీసుకున్నారు. రానూపోనూ ఖర్చులు వాళ్ళవే. నాకు కావాల్సిందల్లా పాస్‌పోర్టు.

పాస్‌పోర్టు కేంద్రంలో మూడు రకాల కౌంటర్లుంటాయి. ఏ దగ్గర ఫొటో తీసి, వేలిముద్రలు తీసుకుని, కాగితాలు స్కాన్ చేస్తారు. బీ దగ్గర కాగితాలు సరిచూస్తారు. సీ దగ్గర ఇవ్వాలో లేదో తేలుస్తారు. నేను బీ దగ్గర ఆగిపోయాను.

"బర్త్ సర్టిఫికెట్టేది?"

"పదో తరగతి సర్టిఫికెట్టు ఉందండి."

"మీరు 89 జనవరి 26 తర్వాత పుట్టారమ్మా. టెన్త్ చెల్లదు."

అప్పటి నిబంధన అదే. 1989 జనవరి 26న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు జనన ధ్రువీకరణ పత్రమే తేవాలి. అంతకుముందు పుట్టినవాళ్ళకి బడి సర్టిఫికెట్టు సరిపోతుంది. నా పదో తరగతి సర్టిఫికెట్టులో పుట్టినరోజు 01-06-1989.

మిత్రులారా, ఆ తారీఖు నాది కాదు. అది మా ఎలిమెంటరీ స్కూలు పంతులుగారిది. 1994 జూన్‌లో బళ్ళో వేసినప్పుడు, "ఎప్పుడు పుట్టిందిరా?" అంటే, మా నాన్న "తుఫాను ముందు చలికాలమండి" అన్నాట్ట. పంతులుగారు అయిదేళ్ళు వెనక్కి లెక్కేసి జూన్ ఒకటి రాసేశారు. మీలో చాలామందికి ఇదే తారీఖో, జూలై ఒకటో ఉండుంటుంది. మా పేటలో నాతో పాటు బళ్ళో చేరిన పిల్లలందరం కాగితాల మీద ఒకే రోజు పుట్టాం.

అసలు తారీఖు మా తాత క్రైస్తవ కీర్తనల పుస్తకం అట్ట లోపల పెన్సిల్‌తో రాసి ఉంది: 1988 డిసెంబరు 19. అంటే నేను నిజంగా పుట్టిన రోజున పుట్టి ఉంటే ఆ కౌంటర్ దాటేదాన్ని. పంతులుగారు పుట్టించిన రోజున పుట్టాను కాబట్టి ఆగిపోయాను.

సరే, జనన పత్రం తెద్దామని ఊరు వెళ్ళాను. జననమరణాల నమోదు తప్పనిసరి అని 1969లోనే చట్టం వచ్చింది. కానీ నేను పుట్టింది ఆస్పత్రిలో కాదు. మా ఇంట్లో, మంత్రసాని చేతుల మీద. ఎవరూ వచ్చి రాసుకోలేదు, మావాళ్ళు వెళ్ళి రాయించలేదు. పుట్టిన ఏడాది దాటాక నమోదు చేయించాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. దానికి ముందు రికార్డులో పేరు లేదని పంచాయతీ నుంచి కాగితం కావాలి. లేదని చెప్పడానికి కూడా ఒక కాగితం! పంచాయతీ నుంచి మండలానికి, అక్కడినుంచి డివిజన్‌కి తిరిగేసరికి ఏడు నెలలు పట్టింది. ఈలోగా సదస్సు అయిపోయింది. నా పేపర్‌ని వేరెవరో చదివి వినిపించారు.

2016 డిసెంబరులో ప్రభుత్వం ఈ నిబంధన సడలించింది. ఎప్పుడు పుట్టినా పదో తరగతి సర్టిఫికెట్టో, ఆధారో, పాన్ కార్డో చూపిస్తే చాలంది. తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు రాసినా సరిపోతుందంది. మంచి మార్పే. కానీ 2025 ఫిబ్రవరిలో నిబంధనలు మళ్ళీ మారాయి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకి జనన పత్రం ఒక్కటే రుజువు. ఇప్పుడు కాన్పులు ఆస్పత్రుల్లోనే అవుతున్నాయి కదా అంటారు. నిజమే, ఎక్కువ శాతం. మిగిలిపోయే కొద్దిమంది ఎవరై ఉంటారో ఆలోచించండి. ఇటుక బట్టీల దగ్గర, మిరపకోతల గుడారాల్లో పుట్టే పిల్లలు ఎవరి పిల్లలు?

*

ఇక చరిత్రలోకి వెళ్దాం.

మా డిగ్రీ పిల్లలకి తెలుగు యాత్రాచరిత్ర పాఠం చెప్పేటప్పుడు ఏనుగుల వీరాస్వామయ్య గారితో మొదలుపెడతాం. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831లో తిరిగొచ్చి, రాసింది 1838లో అచ్చయింది. గొప్ప పుస్తకం, సందేహం లేదు. అయితే సరిగ్గా ఆ దశాబ్దంలోనే, 1834 నుంచి, ఒప్పంద కూలీలు మారిషస్‌కి ఓడలెక్కారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వెళ్ళిన 'ట్రూరో' ఓడ నేటాల్‌లో డర్బన్ రేవు చేరింది. అక్కడినుంచి 1911 దాకా నేటాల్‌కి వెళ్ళిన కూలీలు 1,52,000 పైచిలుకు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీకి కూడా ఓడలు నడిచాయి. వాళ్ళలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువాళ్ళు వేలమంది. 1876–78 ధాత కరువులో తిండి గింజ లేక డిపోల ముందు క్యూ కట్టినవాళ్ళు. వాళ్ళూ ప్రయాణికులే. వాళ్ళ పుస్తకాలు మన సిలబస్‌లో లేవు. రాయడం రానివ్వని వాళ్ళని మీరెందుకు రాయలేదని అడగలేం.

సముద్రం దాటితే మైలపడతామని పెద్ద కులాలవాళ్ళు ప్రాయశ్చిత్తాల గురించి వాదులాడుకుంటున్న రోజులవి. మైల కొత్తగా అంటడానికేమీ మిగలనివాళ్ళు అప్పటికే మూడు సముద్రాలు దాటేశారు.

వాళ్ళ దగ్గర పాస్‌పోర్టు లేదు. ఇంకొక కాగితం ఉంది. దాని పేరు ఎమిగ్రేషన్ పాస్. ఓడ పేరు, డిపో నంబరు, కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు, జిల్లా, ఠాణా, గ్రామం. వీటితో పాటు ఇంకో కాలమ్: కులం. మాల, మాదిగ, పరయ, కాపు, గొల్ల, గవర – గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో రాశాడు. నేటాల్, ఫిజీ ఓడల జాబితాలు ఈనాటికీ ఉన్నాయి. ఇవాళ దక్షిణాఫ్రికాలోని తెలుగువాళ్ళు తమ ముత్తాత ఊరు వెతుక్కోవాలంటే ఆ జాబితాలే ఆధారం. చదవడం రాని మనిషి గురించి చరిత్రలో మిగిలిన ఒకే ఒక్క పేజీ, అతన్ని సరుకు లెక్కన ఓడెక్కించడానికి రాసిన పేజీ.

తెల్లదొరకి కూలీ కులమెందుకు అనొచ్చు. చెరకు తోటలో ఎవడు బాగా వంగుతాడో తెలుసుకోవడానికి. ఏ కులంవాళ్ళు కష్టజీవులు, ఏ కులంవాళ్ళు తిరగబడతారు అని రిక్రూటర్లకి లెక్కలుండేవి. అంటే ఊళ్ళో భూస్వామికున్న తెలివే దొరకీ వచ్చింది. దేశం దాటిన మొదటి తెలుగు కూలీతో పాటు కులం కూడా ఓడెక్కింది, అదీ లిఖితపూర్వకంగా.

ఈ కూలీల్ని ఓడెక్కించే ముందు పరీక్షించే అధికారి పేరు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తాడు.

*

మా ఊరు కోరంగి దగ్గర. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఎందుకో ముందు ముందు అర్థమవుతుంది. కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు, ఓడలు కట్టే చోటు. 1839 తుఫాను దాన్ని మింగేసింది. పేరు మాత్రం బంగాళాఖాతం అవతలకి చేరింది. బర్మాలో తెలుగు కూలీని 'కోరంగీ' అనేవారు.

మావాళ్ళు రంగూన్‌ని రంగం అంటారు. "మా ముత్తాత రంగం వెళ్ళాడు" అంటే అందరికీ అర్థమే. కాకినాడలోనో విశాఖలోనో ఓడెక్కి, డెక్కు మీద ఎండకీ వానకీ కూర్చుని, రంగంలో దిగి, రేవులో బస్తాలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం. 1937 ఏప్రిల్ దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలోనే ఒక ముక్క. కాబట్టి పాస్‌పోర్టు అక్కర్లేదు. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. వాళ్ళలో తెలుగువాళ్ళది పెద్ద వాటా, ఆ వాటాలో చాలా భాగం చెమటోడ్చే పనుల్లో.

ఆ వెళ్ళడంలో ఒక విముక్తి ఉంది. మా అమ్మమ్మ చెప్పేది: "రంగం వెళ్ళినోడు తిరిగొస్తే చెప్పులేసుకుని కరణం గారి అరుగు ముందునించే నడిచేవోడు." అక్కడ బస్తాకి కూలి లెక్క. పాలేరుతనం లేదు, గంజి కుండ దగ్గర చేతులు చాచడం లేదు. రంగం డబ్బుతోనే మా పేటలో మొదటి పెంకుటిల్లు లేచింది.

కష్టం లేదనడం లేదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె విరగ్గొట్టడానికి ఓడల కంపెనీలు బర్మీయుల్ని దించాయి. సమ్మె పరిష్కారమయ్యాక వాళ్ళని తీసేశాయి. ఇద్దరు పేదలు కొట్టుకున్నారు. తెలుగువాళ్ళు వందల్లో ఊచకోతకి గురయ్యారు. 1941 జూలైలో భారత, బర్మా ప్రభుత్వాలు వలస ఒప్పందం కుదుర్చుకున్నాయి. ఇకమీదట వెళ్ళేవాడికి పాస్‌పోర్టో పర్మిట్టో ఉండాలన్నారు. కూలీకి రంగం తలుపు కాగితంతో మూసుకోవడం అదే మొదలు. ఆ డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాయి. 1942లో లక్షలమంది అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచి వచ్చారు. వేలమంది దారిలోనే రాలిపోయారు.

నడిచి వచ్చినవాళ్ళలో మా ముత్తాత లేడు. ఆయన చచ్చిపోయాడనడానికి కాగితం లేదు. అసలు బతికాడనడానికీ లేదు. ఎమిగ్రేషన్ పాస్ మీద వెళ్ళినవాళ్ళకి కనీసం జాబితాలో ఒక వరస మిగిలింది. కాగితం అడగని రోజుల్లో వెళ్ళిన ఆయనకి అదీ మిగల్లేదు. మా ముత్తవ్వ చనిపోయేదాకా బొట్టు తీయలేదు.

అక్కడే మిగిలిపోయినవాళ్ళ పిల్లల్ని 1964 తర్వాత నే విన్ సైనిక ప్రభుత్వం వెళ్ళగొట్టింది. విశాఖ కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అని ఇప్పటికీ ఒక పేట ఉంది. నేను ఈసారి దరఖాస్తుకి వెళ్ళిన రోజు నా ఆటో అటువైపు నుంచే వెళ్ళింది. "బర్మా క్యాంపు ఎందుకన్నారో తెలుసా?" అని ఆటో అబ్బాయిని అడిగితే, "నూడుల్స్ దొరుకుతాయని మేడమ్" అన్నాడు. నవ్వాను. తర్వాత నవ్వినందుకు బాధపడ్డాను.

*

అసలు పాస్‌పోర్టు ఎప్పుడొచ్చింది?

1913 జూలైలో బాబాసాహెబ్ అంబేడ్కర్ బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్‌లో దిగారు. అప్పటికి ఈ దేశం నుంచి ఓడెక్కడానికి అందరికీ పాస్‌పోర్టు ఉండి తీరాలన్న పద్ధతి లేదు. మొదటి ప్రపంచయుద్ధం ఆ కట్టుబాటు తెచ్చింది. యుద్ధం అయిపోయాక 1920లో దాన్ని చట్టం చేశారు. అప్పటినుంచి దేశం దాటేవాళ్ళు రెండు వరసలయ్యారు. చదువు, డబ్బు, పలుకుబడి ఉన్నవాళ్ళకి పాస్‌పోర్టు. కూలీకి వలస చట్టం, దాని అనుమతి.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ గీత చెరిగిపోవాలి కదా. చెరగలేదు. 1947 నుంచి 1967 దాకా, ఇరవై ఏళ్ళపాటు, పాస్‌పోర్టు ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అని చెప్పే చట్టమే లేదు. అది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది, పౌరుడి హక్కు కాదు అని వాదించారు. బ్రిటన్ 1962 దాకా కామన్వెల్త్ పౌరులకి తలుపు తెరిచే ఉంచింది. మన ప్రభుత్వమే ఇక్కడ తలుపు దగ్గర నిలబడి, చదువురాని కూలివాడికి, చేతిలో డబ్బు లేనివాడికి పాస్‌పోర్టు నిరాకరించేది. ఇలాంటివాళ్ళు విదేశాల్లో తిరిగితే దేశం పరువు పోతుందన్న భయం. కూలీల దేశం అన్న పేరు చెరిపేసుకోవాలన్న తాపత్రయం. ఎవరి ఒంటిచాకిరీతో ఆ పేరు వచ్చిందో వాళ్ళనే కనబడకుండా దాచడం ఆ కొత్త దౌత్యానికి దొరికిన ఉపాయం.

దీన్ని తోసేసిన తీర్పు రాసింది మన రాజమండ్రిలో పుట్టిన మనిషి. 1967 ఏప్రిల్ 10న, సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో, ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు విదేశానికి వెళ్ళే హక్కు 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనన్నారు. అయిదుగురిలో ముగ్గురు అటు, ఇద్దరు ఇటు. ఒక్క ఓటు తేడా. మర్నాడు ఆయన రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. తీర్పు దెబ్బకి ప్రభుత్వం హడావిడిగా ఆర్డినెన్సు తెచ్చి, జూన్ 24న పాస్‌పోర్టుల చట్టం చేసింది. 1978 జనవరిలో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు వేసింది. పాస్‌పోర్టు లాక్కునే పద్ధతి కూడా న్యాయంగా, సహేతుకంగా ఉండాలని చెప్పింది.

రెండు కేసులూ చూడండి. ఒకరు కార్ల విడిభాగాల వ్యాపారి. ఇంకొకరు మాజీ ప్రధాని కోడలు. పాస్‌పోర్టు అసలు దొరకని కూలీ సుప్రీంకోర్టు మెట్లెక్కలేదు. అయినా వాళ్ళు గెలిచిన హక్కు రాజ్యాంగం పుణ్యాన మన వాకిట్లోకీ వచ్చింది. దాన్ని తక్కువ చేయను. రాజ్యాంగం రాసిన చెయ్యి ఎవరిదో మనకి తెలుసు.

*

ఇప్పుడు అమ్మ సంగతి.

నాన్న పోయిన ఏడాది, 2001లో, అమ్మ కువైట్ వెళ్ళింది. నాకు పన్నెండేళ్ళు. కోనసీమలో, కడపలో ఇంటింటికీ ఉన్న కథే. ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళే ఆడవాళ్ళకి ముప్పై నిండాలంటారు. అమ్మకి ఇరవైతొమ్మిదో, ముప్పయ్యో. ఎందుకైనా మంచిదని ఏజెంటు నాలుగేళ్ళు పెంచాడు. పెంచుతూ పెంచుతూ పేరు కూడా కొంత మార్చాడు. నన్ను పంతులుగారు ఆర్నెల్లు చిన్నదాన్ని చేశారు. అమ్మని ఏజెంటు నాలుగేళ్ళు పెద్దదాన్ని చేశాడు. మా ఇద్దరి మధ్య కాగితాల మీద వయసు తేడా చూస్తే నాకే నవ్వొస్తుంది.

అమ్మ పాస్‌పోర్టులో ఒక ముద్ర ఉండేది. ఈసీఆర్. అంటే వలస తనిఖీ కావాలి అని. పదో తరగతి లేనివాళ్ళకి, కువైట్, సౌదీ లాంటి 18 దేశాలకి పనికి వెళ్ళాలంటే ఆ తనిఖీ ఉంటుంది. 1983 వలస చట్టం కింద ఆ అనుమతి ఇచ్చే అధికారి ఎవరో తెలుసా? ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్. నేటాల్‌కి, ఫిజీకి కూలీల్ని ఓడెక్కించినప్పుడు 1883 చట్టంలో ఉన్న అదే ఉద్యోగం, అదే పేరు. సరిగ్గా నూరేళ్ళు. దొర పోయాడు, ఓడ పోయి విమానం వచ్చింది. కూలీ ముందు ఆ కుర్చీ అలాగే ఉంది.

ఆ తనిఖీ కూలీల రక్షణ కోసమే అంటారు. ఉద్దేశం అదే కావచ్చు. మోసపోయి చిక్కుకున్నవాళ్ళకి ఆ రికార్డు పనికొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. కానీ మా అమ్మ కువైట్‌లో దిగిన రాత్రే ఆవిడ పాస్‌పోర్టు యజమానురాలి బీరువాలోకి వెళ్ళింది. ఆరేళ్ళూ అక్కడే ఉంది. రక్షకుడు ఆ బీరువా తాళం ఎప్పుడూ అడగలేదు.

2018 జనవరిలో ఇంకో ముచ్చట జరిగింది. ఈసీఆర్ వాళ్ళకి నారింజ రంగు అట్ట పాస్‌పోర్టు ఇస్తామని, అందరి పాస్‌పోర్టుల్లోనూ చివరి పేజీ అచ్చు వేయడం మానేస్తామని విదేశాంగ శాఖ ప్రకటించింది. చదువుకున్నవాడికి నీలం, చదువు అందనివాడికి నారింజ. దూరం నుంచే తెలియాలి ఎవడు ఎవడో! మెడలో ముంత, నడుముకి తాటాకు కట్టించిన తెలివి ఎక్కడికి పోతుంది? గట్టిగా వ్యతిరేకత వచ్చాక జనవరి 30న రెండు ప్రతిపాదనల్నీ వెనక్కి తీసుకున్నారు. తీసుకోకపోయి ఉంటే మొన్న శనివారం మా అమ్మ తిప్పి చూసుకున్న పేజీ కూడా ఉండేది కాదు.

*

ఈసారి నా దరఖాస్తుకి కౌంటర్లలో ఏ ఇబ్బందీ రాలేదు. గంటన్నరలో అయిపోయింది. బీ కౌంటర్‌లో అమ్మాయి నా పీహెచ్‌డీ చూసి, "తెలుగులోనా మేడమ్!" అని సరదాపడింది. మంచిని మంచి అనాలి.

ఇబ్బంది ఇంటి దగ్గర వచ్చింది. పోలీసు వెరిఫికేషన్‌కి ఒకాయన వచ్చారు. నేను పై పోర్షన్‌లో అద్దెకుంటాను. కింద ఓనర్ ఆంటీ గ్రిల్లు దగ్గర తులసికి నీళ్ళు పోస్తున్నారు.

"సొంతూరు ఏదమ్మా?"

చెప్పాను.

"ఊళ్ళో ఎక్కడ?"

"చెరువు గట్టు అవతల."

"అంటే... ఎస్సీలా?"

పాస్‌పోర్టు దరఖాస్తులో కులం కాలమ్ లేదు. నేను నేరం చేశానా, ఈ దేశపు మనిషినేనా అన్నంతవరకే ఆయన పని. ఆయన గొంతులో ద్వేషం కూడా లేదు. "వానొచ్చేలా ఉంది" అన్నట్టు అడిగారు. కింద చెంబులో నీళ్ళు పోయడం ఆగింది.

"అవునండి, మాలవాళ్ళం" అన్నాను. దాచుకునే అలవాటు నాకు లేదు. కానీ చెప్పే సమయం నేను ఎంచుకోవాలి. ఆ రోజు ఇంకొకరు ఎంచారు.

వారం తిరక్కుండా ఆంటీ పైకి వచ్చారు. తమ్ముడి కొడుకు ట్రాన్స్‌ఫర్ మీద వస్తున్నాడు, పోర్షన్ కావాలి, నెలాఖరుకి చూసుకోమ్మా అన్నారు. రెండేళ్ళు ప్రతి పండక్కీ బూరెలు పంపిన మనిషి. వచ్చేముందు చేతికి అందించేవారు, ఆ రోజు గుమ్మం బయటే నిలబడ్డారు. రేపటి ఉగాదికి ఆ తమ్ముడి కొడుకు వస్తాడో రాడో నాకు తెలియదు, చూడ్డానికి నేను ఉండను.

1860ల ఎమిగ్రేషన్ పాస్‌లో కులం కాలమ్ అచ్చు వేసి ఉండేది. ఇప్పుడు దరఖాస్తులో అది లేదు. వీధిలో ఉంది.

బాబాసాహెబ్ తన జీవితంలోని కొన్ని అనుభవాలు రాసి పెట్టుకున్నారు. 1990లో అచ్చయిన ఆ చిన్న పుస్తకం పేరుకి తెలుగు చెప్పాలంటే 'వీసా కోసం ఎదురుచూపు'. విచిత్రమేమిటంటే అందులో ఆయన విదేశాల్లో పడ్డ కష్టాలేమీ లేవు. 1901లో కోరేగావ్ ప్రయాణంలో బండి తోలనన్న బండివాడు, బరోడాలో కర్రలు పట్టుకుని సత్రం గది ఖాళీ చేయించిన పార్సీలు, 1934లో దౌలతాబాద్ కోట చెరువు దగ్గర గొడవ. అన్నీ స్వదేశంలోనే. న్యూయార్క్‌లో, లండన్‌లో చదువుకుని వచ్చిన మనిషికి బరోడాలో తల దాచుకోను గది దొరకలేదు. ఆ పేరు ఎందుకు పెట్టారో ఆ నెలాఖరులో టూలెట్ బోర్డులు వెతుక్కుంటూ తిరిగినప్పుడు నాకు బాగా అర్థమైంది. మూడు చోట్ల ఇంటిపేరు అడిగారు. ఒక చోట "వెజిటేరియనా?" అన్నారు. నీలం అట్ట పుస్తకంతో ఏ దేశానికైనా వీసా అడగొచ్చు. ఎమ్వీపీ కాలనీలో రెండు గదుల పోర్షన్‌కి వీసా ఎవరిస్తారు?

విదేశాల్లో చదువుకోవాలనుకునే మన పిల్లలకి ఇంకో మాట. ఎస్సీ విద్యార్థుల కోసం కేంద్రం 1954–55 నుంచి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నడుపుతోంది. 2022 ఫిబ్రవరి మార్గదర్శకాల్లో ఒక నిబంధన చేర్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధన చేస్తామంటే ఆ డబ్బు రాదు. ఇంజనీరింగ్ చదువుకి వెళ్ళొచ్చు. కులం గురించి చదవడానికి మాత్రం ఆ డబ్బుతో వెళ్ళలేరు. పాస్‌పోర్టు చేతిలో పెట్టి, నోరు ఇక్కడ వదిలి వెళ్ళమన్నట్టు లేదూ?

*

అమ్మ అడిగిన ప్రశ్నకి వస్తాను.

మా అమ్మకి మూడు పేర్లు. చర్చిలో మార్త. రేషన్ కార్డులో, ఆధార్‌లో మంగ. కువైట్ పాస్‌పోర్టులో ఏజెంటు పెట్టిన ఇంకో పేరు. (పేర్లు మార్చి రాశాను. తేడా మాత్రం ఇంతే ఉంటుంది.) ఇంట్లో అందరూ పిలిచేది మొదటి పేరుతోనే. నాన్న కూడా అలాగే పిలిచేవాడు.

ఈ రెండు పేర్ల బతుకు ఎక్కడిదో మన పేటల్లో అందరికీ తెలుసు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులే ఎస్సీలు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. దేవుణ్ని మార్చుకుంటే అంటరానితనం పోతుందని రాజ్యం నమ్ముతుంది, పక్కింటివాళ్ళు నమ్మరు. అందుకే ఆదివారం ఒక పేరు, సోమవారం ఒక పేరు. నేను బుద్ధుడి దారి పట్టినదాన్ని కాబట్టి 1990 సవరణ నన్ను కాపాడుతుంది. అమ్మని కాపాడదు. ఊరి పేరు రాయనిది అందుకే. ఆవిడ ఇంటి పట్టా మీద ఎవడి కన్ను పడుతుందోనని.

దరఖాస్తులో తల్లి పేరు గడి దగ్గర ఇరవై నిమిషాలు ఆగిపోయాను. నన్ను కన్నది మార్త. నన్ను చదివించిన డబ్బు మూడో పేరు మీద వచ్చింది. ఆధార్‌లో ఉన్నది మంగ. పీహెచ్‌డీ సిద్ధాంతవ్యాసంలో నూట ఇరవై ఫుట్‌నోట్లు రాసినదాన్ని, మా అమ్మ పేరు రాయడానికి భయపడ్డాను.

"మంగ అని రాశానమ్మా" అన్నాను. సంజాయిషీ చెబుదామనుకున్నాను. ఆవిడ అవకాశం ఇవ్వలేదు.

"మంచిపని చేశావు. ఆ పేరు మీదే కదే బియ్యం వచ్చాయి" అంది.

పుస్తకం మూసి, పసుపు గుడ్డలో చుట్టి, తన పాత పాస్‌పోర్టు ఉన్న రేకు పెట్టెలో పెట్టింది. తాత రాసిన కీర్తనల పుస్తకం కూడా అందులోనే ఉంది. ఆ పెట్టె రంగం నుంచి వచ్చిందని అంటారు.

వచ్చే భాగంలో అద్దె ఇళ్ళ గురించి. మీ ఊళ్ళో మిమ్మల్ని ఏ ప్రశ్నలు అడిగారో రాయండి. ఒక్కొక్కటీ రాసి పెడదాం. మన ముత్తాతలకి లేని కాగితం అదే.

జై భీమ్.